పాత కారు ఇంజిన్ శుభ్రత, గేర్ ఆయిల్ మార్పిడి: ఏది ముందు, ఏది తర్వాత

పదేళ్లు దాటిన కారు ఉన్నవారు తరచూ అడిగే ప్రశ్నలు రెండు. ఇంజిన్‌ను నీళ్లతో కడగవచ్చా? గేర్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా? రెండూ చేయవచ్చు. కానీ వరుస తప్పకూడదు.

జిడ్డు, మట్టి పేరుకున్న ఇంజిన్ మీద ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కనిపించదు. గేర్‌బాక్స్ చుట్టూ మట్టి ఉండగా ఆయిల్ పోసే ప్లగ్ విప్పితే ఆ మట్టి నేరుగా గేర్లలోకి జారుతుంది. అందుకే ముందు శుభ్రం చేయాలి, రెండు మూడు రోజులు నడిపి లీకులు చూడాలి, ఆ తర్వాతే గేర్ ఆయిల్ మార్చాలి. ఒకే ఆదివారం రెండూ ముగించాలని తొందరపడితే మధ్యలో ఉన్న అసలు పని, అంటే లీకు కనిపెట్టడం, జారిపోతుంది.

ఇక్కడ చెప్పేది మారుతి 800, ఆల్టో, వ్యాగనార్, శాంట్రో లాంటి చిన్న కార్ల గురించి. వీటిలో ముందు చక్రాలు కారును నడుపుతాయి, గేర్లు చేత్తో మార్చాలి. ఆటోమేటిక్ కార్ల సంగతి చివర్లో ఉంది.

1. మీ సమస్యకు మందు గేర్ ఆయిలేనా?

గేరు గట్టిగా పడుతోందంటే తప్పు ఎప్పుడూ ఆయిల్‌దే కాదు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఈ పరీక్షలు చేయండి.

- ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. అప్పుడు సులువుగా పడి, ఇంజిన్ నడుస్తుండగా మాత్రమే ఒకటో గేరు, రివర్సు గట్టిగా పడుతుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. క్లచ్ కేబుల్ సరిచేయించండి.
- ఒక్క గేరు, ముఖ్యంగా రెండోది, వేసేటప్పుడు మాత్రమే గరగరలాడుతుంటే ఆ గేరు సింక్రోనైజర్ రింగు (గేరు పడేముందు వేగాలను సమం చేసేది) అరిగి ఉండవచ్చు. కొత్త ఆయిల్‌తో కాస్త నెమ్మదిస్తుందేమో గానీ పోదు.
- న్యూట్రల్‌లో వినిపించే మోత క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగును అనుమానించాలి. క్లచ్ తొక్కినప్పుడే మోత మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగు.
- ఉదయం చల్లగా ఉన్నప్పుడు అన్ని గేర్లూ బరువుగా పడి, కాసేపు నడిపాక తేలికపడితే ఆయిల్ పాతబడి ఉండాలి, లేదా ఎవరో చిక్కటి రకం పోసి ఉండాలి. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఇలాంటి కారు కోసమే.

సెకండ్ హ్యాండ్ కారు కొని, గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే పరీక్షలతో పని లేదు, మార్చేయండి. వరద నీటిలో నిలిచిన కారుకైతే ఇది తప్పనిసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కార్లు నీటిలో నిలిచిపోయాయి. గేర్‌బాక్స్ పైన గాలి ఆడటానికి బ్రీదర్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. వేడిగా ఉన్న గేర్‌బాక్స్ హఠాత్తుగా నీటిలో చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆ రంధ్రం గుండా నీటిని పీల్చుకుంటుంది. బయటి నుంచి ఎంత చూసినా ఈ సంగతి తెలియదు.

2. ఆయిల్ ఎంపిక: ఇక్కడ రాజీ వద్దు

కారుతో వచ్చిన యజమాని పుస్తకంలో మూడు విషయాలు చూసి రాసుకోండి: చిక్కదనం, జీఎల్ శ్రేణి (గేర్ ఆయిల్ ఏ తరహా గేర్ల ఒత్తిడికి తయారైందో చెప్పే అంకె), పరిమాణం. ఈ తరగతి కార్లలో చాలావాటికి 75డబ్ల్యూ-80 లేదా 75డబ్ల్యూ-90 చిక్కదనంతో, జీఎల్-4 శ్రేణి ఆయిల్ సరిపోతుంది. పరిమాణం సుమారు 2 నుంచి 2.5 లీటర్లు. అయినా మీ మోడల్ పుస్తకం చెప్పిందే ప్రమాణం.

‘జీఎల్-5 ఇంకా మంచిది, అదే పోయండి’ అనే మాట దుకాణాల్లో వినిపిస్తుంది. మాన్యువల్ గేర్‌బాక్స్‌కు ఆ మాట వర్తించదు. సింక్రోనైజర్ రింగులు చాలా కార్లలో ఇత్తడివి. అవి రాపిడితోనే పనిచేస్తాయి, గేరు వేగాన్ని షాఫ్ట్ వేగంతో సమం చేసి రెంటినీ కలుపుతాయి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. ఆ రాపిడిని అవి తగ్గించవచ్చు, కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి కూడా. పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 మాత్రమే కొనండి.

ఒమ్ని, బొలెరో లాంటి వెనుక చక్రాలు నడిపే వాహనాల్లో డిఫరెన్షియల్, అంటే బలాన్ని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టె, వేరుగా ఉంటుంది. సాధారణంగా జీఎల్-5 పోసేది అందులోనే. హోండా కార్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌లకు ఎంటీఎఫ్ అనే ప్రత్యేక ఆయిల్ ఉంది.

పీపాల నుంచి కొలిచి ఇచ్చే లూజు ఆయిల్ కొనవద్దు. అందులో ఏముందో అమ్మేవారికే తెలియకపోవచ్చు. సీలు వేసిన డబ్బా కొని, మూత తీసేముందు లేబుల్ మరోసారి చదవండి.

3. సామాను సిద్ధం చేసుకోండి

శుభ్రతకు:
- నీటిలో కలిసే రకం ఇంజిన్ డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం)
- మెత్తటి బ్రష్, గట్టి బ్రష్, పాత టూత్‌బ్రష్
- ప్లాస్టిక్ సంచులు, రబ్బరు బ్యాండ్లు
- వంటసోడా, నూలు గుడ్డలు, చేతి తొడుగులు
- మామూలు తోట పైపు

గేర్ ఆయిల్‌కు:
- జాకీ, గట్టి జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు
- గేర్‌బాక్స్‌కు ఉండే రెండు ప్లగ్‌లకూ (ఆయిల్ పోసేది, దించేది) సరిగ్గా అమరే సాకెట్లు
- కొత్త వాషర్లు, వాషర్ లేని రకమైతే మరలకు రాసే సీలెంట్
- వెడల్పాటి పళ్లెం, కొలత గీతలున్న ఖాళీ డబ్బా
- గరాటు, సుమారు ఒక మీటరు పారదర్శకమైన పైపు
- అవకాశముంటే టార్క్ రెంచి (చెప్పినంత బలానికే బిగించే రెంచి)

ప్లగ్‌లు అన్ని కార్లకూ ఒకేలా ఉండవు. కొన్నింటికి ఆరు పలకల తల ఉంటుంది, కొన్నింటికి లోపలికి చతురస్రపు గుంట ఉంటుంది. సాకెట్ కొనేముందు కారు కిందికి టార్చి వేసి చూసుకోండి.

4. ఇంజిన్ కడిగే ముందు

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. సైలెన్సర్ గొట్టాలు మొదలయ్యే మానిఫోల్డ్ వేడిగా ఉండగా చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. డీగ్రీజర్ ఆవిరి కూడా ప్రమాదమే. కారును నీడలో నిలపండి, ఎండలో డీగ్రీజర్ నిమిషాల్లో ఎండిపోతుంది.

మొదట చేయవలసినది పొడి పని. విండ్‌షీల్డ్ కింద జాలీలో పడ్డ వేప ఆకులు, కానుగ పూలు చేత్తో ఏరేయండి. అక్కడి నీటి దారులు మూసుకుపోతే వానాకాలంలో నీళ్లు కారు లోపలికి వస్తాయి. బ్యాటరీ కింద, ఎయిర్ ఫిల్టర్ పెట్టె వెనుక ఎలుకల గూడు ఉందేమో చూడండి. కొరికిన వైరు కనిపిస్తే దాన్ని బాగుచేయించే వరకు నీళ్లు పోయవద్దు.

తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే, స్పానర్ కారు బాడీకి తగిలిన క్షణంలో షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు నెగటివ్‌ను చివర్లో బిగించాలి.

టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే వంటసోడా కలిపిన నీటితో తడిపి బ్రష్‌తో రుద్దండి. నురగ ఆగాక తుడిచేయండి. సోడా నీరు బ్యాటరీ మూతల్లోకి వెళ్లకూడదు.

సంచులతో కప్పవలసినవి:
- ఆల్టర్నేటర్
- ఫ్యూజుల పెట్టె, ఇంజిన్ కంట్రోల్ యూనిట్, అది బానెట్ కింద ఉంటే
- ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే నోరు
- ఇగ్నిషన్ కాయిల్, స్పార్క్ ప్లగ్ వైర్లు. పాత కార్బురేటర్ కార్లలో డిస్ట్రిబ్యూటర్ కూడా
- బ్రేక్ ఆయిల్ డబ్బా మూత

ఇంజిన్ ఆయిల్ మూత, డిప్‌స్టిక్ గట్టిగా కూర్చున్నాయో లేదో చేత్తో నొక్కి చూడండి. పాత కార్లలో డిప్‌స్టిక్ రబ్బరు వదులవుతుంది.

5. కడగడం

పై నుంచి కిందికి రావాలి. డీగ్రీజర్ పిచికారీ చేసి 5 నుంచి 10 నిమిషాలు నాననివ్వండి, ఎండనివ్వవద్దు. జిడ్డు దట్టంగా ఉన్న చోట బ్రష్‌తో రుద్ది మళ్లీ కొట్టండి. బెల్టుల మీద పడకుండా చూడండి, పడితే జారి కీచుమంటాయి.

మీ అసలు గురి గేర్‌బాక్స్. దాని పైభాగం, చక్రాలను తిప్పే కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) లోపలికి వెళ్లే చోటు, రెండు ప్లగ్‌ల చుట్టూ, బ్రీదర్ దగ్గర లోహం కనిపించే దాకా రుద్దండి. మిగతా ఇంజిన్ కాస్త మురికిగా మిగిలినా నష్టం లేదు, ఈ నాలుగు చోట్ల మాత్రం మిగలకూడదు.

తోట పైపుతో సన్నటి ధారగా కడగండి. ప్రెషర్ వాషర్ వద్దు. పదేళ్ల వేడికి పెళుసుబారిన కనెక్టర్ల సీళ్లు ఆ ఒత్తిడికి ఆగవు, రేడియేటర్ రేకులు వంగిపోతాయి.

సర్వీసింగ్ కేంద్రాల్లో ఇంజిన్ మీద డీజిల్ లేదా కిరోసిన్ కొట్టే అలవాటు ఉంది. ఇంజిన్ మెరుస్తుంది, కానీ ఆ నూనె రబ్బరు పైపులను, ఇంజిన్ మౌంటింగులను ఉబ్బించి మెత్తబరుస్తుంది. మానిఫోల్డ్ దగ్గర మిగిలిన తడి నిప్పంటుకోవచ్చు. మీ కారును బయట ఇస్తే ముందే స్పష్టంగా వద్దని చెప్పండి.

ఇంజిన్ లోపల కిరోసిన్ పోసి కాసేపు తిప్పి దించే పద్ధతి ఇంకా చెడ్డది. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఊడిన మడ్డి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే ఇంజిన్‌కు ఆయిల్ అందదు. లోపల మడ్డి ఉందని అనుమానమైతే మంచి ఆయిల్ పోసి, మామూలు గడువులో సగానికే ఫిల్టర్‌తో సహా మార్చండి. అలా కొన్నిసార్లు చేస్తే మడ్డి మెల్లగా కరిగి ఆయిల్‌తో పాటు బయటకు పోతుంది.

6. ఆరబెట్టడం

సంచులు తీసి, గుడ్డతో తుడిచి, బానెట్ ఎత్తి ఉంచండి. కనెక్టర్ల చుట్టూ, స్పార్క్ ప్లగ్ గుంటల్లో నీళ్లు నిలిచాయేమో చూసి పీల్చే గుడ్డతో గానీ బ్లోయర్‌తో గానీ తీసేయండి. కనీసం రెండు గంటలు ఆగి బ్యాటరీ బిగించి స్టార్ట్ చేయండి, 10 నుంచి 15 నిమిషాలు అక్కడే నడవనివ్వండి.

ఇంజిన్ వణుకుతుంటే చాలాసార్లు కారణం ప్లగ్ గుంటల్లోని నీరే. ఇంజిన్ ఆపి, వైర్లు లేదా కాయిళ్లు తీసి, ఆరబెట్టి మళ్లీ పెట్టండి. అసలు స్టార్ట్ కాకపోతే స్టార్టర్‌ను పదే పదే తిప్పకుండా, ఇంకా ఆరనివ్వండి.

7. రెండు మూడు రోజులు నడపండి, లీకు చూడండి

రాత్రి కారు కింద పాత వార్తాపత్రిక పరచండి, ఎగరకుండా రాళ్లు పెట్టండి. ఉదయం చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగులో ఉందో చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. తేనె రంగులో చిక్కగా ఉండి, వేలికి రాసి వాసన చూస్తే గంధకం ఘాటు తగిలితే గేర్ ఆయిల్.

తర్వాత బానెట్ ఎత్తి, కడిగిన లోహం మీద కొత్త తడిని పై నుంచి వెతకండి. ఆయిల్ కిందికి జారుతుంది, నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది. కాబట్టి తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన, ముందున్నదే మూలం.

- ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) అంచున తడి: ప్యాకింగ్ మార్చాలి, చిన్న పని.
- డ్రైవ్ షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోకి వెళ్లే చోట తడి: షాఫ్ట్ ఆయిల్ సీల్. దీన్ని మార్చాలంటే షాఫ్ట్ తీయాలి, షాఫ్ట్ తీస్తే గేర్ ఆయిల్ కారిపోతుంది. అందుకే సీల్, ఆయిల్ ఒకేసారి మార్పించుకోండి. ఆయిల్ మార్చిన వారానికి ఈ లీకు బయటపడితే కొత్త ఆయిల్ మొత్తం వృథా.
- ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున తడి: ఇంజిన్ వెనుక సీల్ లేదా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీల్. గేర్‌బాక్స్ దించాల్సిన పని. క్లచ్ జారకపోతే, చుక్క చిన్నదైతే, క్లచ్ ప్లేట్లు మార్చే నాటికి వాయిదా వేయవచ్చు. ఆయిల్ మట్టాన్ని మాత్రం తరచూ చూస్తుండాలి.

8. గేర్ ఆయిల్ దించడం

పది నిమిషాలు నడిపి రండి, గోరువెచ్చటి ఆయిల్ బాగా కారుతుంది. కారు నాలుగు మూలలా సమతలంగా ఉండాలి. ముందు భాగం మాత్రమే ఎత్తితే మట్టం తప్పు చూపిస్తుంది. గుంట ఉన్న మెకానిక్ షెడ్డు అద్దెకు దొరికితే అదే అన్నిటికంటే మంచిది. ఇంట్లో అయితే నాలుగు స్టాండ్ల మీద నిలిపి, కిందికి దూరేముందు కారును చేత్తో ఊపి చూడండి. జాకీ ఎత్తడానికి మాత్రమే. కేవలం జాకీ మీద ఉన్న కారు కిందికి ఒక్క చెయ్యి కూడా పెట్టవద్దు.

1. ప్లగ్‌ల చుట్టూ మరోసారి గుడ్డతో తుడవండి.
2. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పండి. అది రాకపోతే కిందున్న డ్రెయిన్ ప్లగ్‌ను ముట్టుకోవద్దు. ఆయిల్ మొత్తం దించేశాక ఫిల్లర్ ప్లగ్ బిగుసుకుపోయిందని తెలిస్తే కారు కదలలేదు, టోయింగ్ తప్పదు.
3. ఫిల్లర్ వచ్చాక పళ్లెం పెట్టి డ్రెయిన్ ప్లగ్ విప్పండి. మొదటి ధార పక్కకు చిమ్ముతుంది, పళ్లెం కాస్త దూరంగా జరిపి ఉంచండి.
4. కనీసం 15 నిమిషాలు వదిలేయండి.
5. దిగిన ఆయిల్‌ను కొలవండి. పుస్తకం చెప్పినదానికంటే బాగా తక్కువ ఉంటే ఎక్కడో కారుతోందన్నమాట.

బిగుసుకున్న ప్లగ్‌కు ముందు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. ఉదయం సాకెట్ పూర్తిగా కూర్చోబెట్టి, సుత్తితో రెండు తేలికపాటి దెబ్బలు వేసి, నిదానంగా బలం పెట్టండి. వదులైన సాకెట్, పైపు రెంచి వాడితే తల అరిగిపోతుంది. అప్పటికీ రాకపోతే అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు వదిలేయండి.

9. దిగిన ఆయిల్‌ను చూడండి

చాలా డ్రెయిన్ ప్లగ్‌ల కొనకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే, వేళ్ల మధ్య రుద్దితే గరుకుండదు. గుచ్చుకునే ముక్కలు, పంటి ఆకారపు పెళ్లలు ఉంటే గేరో బేరింగో విరిగింది. ఫొటో తీసుకుని, ముక్కలు దాచి మెకానిక్‌కు చూపించండి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. ఆయిల్‌ను ఎండలో వంచి చూసినప్పుడు బంగారు రంగు మెరుపు దట్టంగా కనిపిస్తే సింక్రోనైజర్ రింగులు అరుగుతున్నాయని అర్థం.

ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపల నీరు చేరింది. కొత్త ఆయిల్ పోసి, కొన్ని రోజులు నడిపి, దాన్ని కూడా దించి మళ్లీ పోయాలి. ఒక్కసారితో నీరంతా పోదు.

10. నింపడం

డ్రెయిన్ ప్లగ్ తుడిచి, కొత్త వాషర్ వేసి లేదా మరలకు సీలెంట్ రాసి, మొదటి నాలుగైదు చుట్లు చేత్తోనే తిప్పండి. తర్వాత పుస్తకం చెప్పిన టార్క్‌కు బిగించండి. గేర్‌బాక్స్ గుల్ల అల్యూమినియంది. రెంచి మీద ఒంటి బరువంతా వేస్తే మరలు ఊడిపోతాయి, ఆ మరమ్మతు ఆయిల్ ఖర్చును మించిపోతుంది.

పైపును బానెట్ పై నుంచి ఫిల్లర్ రంధ్రం దాకా దించి, గరాటుతో నిదానంగా పోయండి. ఆయిల్ చిక్కగా ఉంటుంది, డబ్బాను కాసేపు ఎండలో ఉంచితే సులువుగా జారుతుంది. రంధ్రం కింది అంచు నుంచి ఆయిల్ పొర్లడం మొదలయ్యాక ఆపి, కారడం చుక్కలకు తగ్గాక ప్లగ్ బిగించండి. పోసినది పుస్తకంలోని పరిమాణానికి దగ్గరగా ఉండాలి. పావు వంతు కూడా పోయకముందే పొర్లితే కారు వంకరగా నిలిచింది లేదా పైపు లోపలికి దూరలేదు.

‘కాస్త ఎక్కువే పోద్దాం’ అనుకోవద్దు. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి బ్రీదర్ నుంచి, సీళ్ల నుంచి బయటకు వస్తుంది.

చక్రాలు దించాక పది కిలోమీటర్లు నడిపి అన్ని గేర్లూ వేసి చూడండి. రివర్సు వేసేముందు పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి రెండు క్షణాలు ఆగండి. చాలా చిన్న కార్లలో రివర్సుకు సింక్రోనైజర్ ఉండదు, అక్కడ వచ్చే గరగర ఆయిల్ లోపం కాదు. రాత్రికి మళ్లీ వార్తాపత్రిక పరచండి.

- ప్లగ్ దగ్గర చెమ్మ: కాస్త బిగించి చూడండి. ఆగకపోతే వాషర్ మార్చాలి.
- గేర్లు మునుపటికంటే బరువైతే: డబ్బా మీద చిక్కదనం మళ్లీ చదవండి. తప్పు రకమైతే దించేయడమే దారి.

11. ఆటోమేటిక్ కార్లకు

ఏఎంటీ కార్లలో (క్లచ్, గేర్లను యంత్రమే మార్చేవి) గేర్‌బాక్స్ మాన్యువల్‌దే, పై పద్ధతే వర్తిస్తుంది. కొన్నింటిలో గేర్లు మార్చే యంత్రాంగానికి వేరే హైడ్రాలిక్ ద్రవం ఉంటుంది. ఆ డబ్బాలో గేర్ ఆయిల్ పోయకూడదు.

టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ద్రవంతో బలాన్ని అందించేది), సీవీటీ (విడి గేర్లు లేకుండా నిష్పత్తి నిరంతరం మారేది) కార్లకు తయారీదారు పేర్కొన్న ద్రవమే పోయాలి, ఒకదానికి బదులు మరొకటి పనికిరాదు. ఒకసారి దించితే పాత ద్రవంలో చాలా భాగం కన్వర్టర్‌లోనే మిగులుతుంది. కాబట్టి దించినంతే కొలిచి పోసి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ అదే చేయాలి. ఎన్నడూ ద్రవం మార్చని పాత ఆటోమేటిక్‌కు యంత్రంతో బలవంతపు ఫ్లష్ చేయించడం నాకు సమ్మతం కాదు. కదిలిన మురికి సన్నటి వాల్వుల్లో ఇరుక్కోవచ్చు. మట్టం చూడాల్సిన ఉష్ణోగ్రత కూడా మోడల్‌ను బట్టి ఉంటుంది, అది తెలియకపోతే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు.

12. పాత ఆయిల్ ఎక్కడికి?

మురుగు కాలువలోకి, ఖాళీ స్థలంలోకి వద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తాయి. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే నింపి, మూత బిగించి, పాత ఆయిల్‌ను అధీకృత రీసైక్లర్లకు పంపే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. అక్కడికి వెళ్లేముందు ఫోను చేసి తీసుకుంటారో లేదో అడగండి. డీగ్రీజర్‌తో కడిగిన జిడ్డు నీరు మొక్కల్లోకి, బావి వైపు పారకుండా చూసుకోండి. తుడిచిన గుడ్డలను పొయ్యి దగ్గర పెట్టవద్దు.

తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిల్ పేరు, చిక్కదనం, ఎన్ని లీటర్లు పట్టిందో ఒక చీటీ మీద రాసి సర్వీసు పుస్తకంలో అంటించండి. చాలా కార్లకు తర్వాతి మార్పు 40,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య వస్తుంది. లీకు ఉన్న కారుకైతే ప్రతి ఇంజిన్ ఆయిల్ మార్పుతో పాటు గేర్‌బాక్స్ మట్టం కూడా చూడాలి.